ఒక్క నిమ్మకాయ, పదకొండు గిలాసలు

మా ఇంట్లో దాని పేరు నిమ్మకాయ షర్బత్. రంగేమో నేరేడు పండుది. ముక్కుకు తగిలేది పుదీనా. గొంతు దిగేటప్పుడు మిర్యాల ఘాటు. ఇన్ని ఉండగా దానికి నిమ్మకాయ పేరే ఎందుకు పెట్టారని చిన్నప్పుడు ఎప్పుడూ అడగలేదు. ప్రతి ఎండాకాలం పక్కన కూర్చుని కళ్లారా చూశాను గానీ, అందులో నిమ్మకాయ వాటా ఎంతో నాకు నలభై దాటాక, అదీ ఫోన్లో చీవాట్లు తిన్నాక తలకెక్కింది.

మాది వరంగల్ గిర్మాజీపేట. పెంకుటిల్లు, వెనక పెద్ద పెరడు, పెరట్లో తులసి గద్దె, స్నానాల నీళ్లు పారే చోట గుబురుగా పుదీనా. తాత ఆజంజాహి మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. 1934లో, నిజాం కాలంలో మొదలైన మిల్లు అది. రిటైరైన తర్వాత కూడా సైరన్ వినబడితే చాలు, తాత కాలితో చెప్పులు వెతుక్కునేవాడు. ఎక్కడికి పోతున్నావంటే, "ఏడికి లేదు తియ్" అని మళ్లీ మంచంలో ఒరిగేవాడు.

ఇంట్లో తాత, నాయినమ్మ, బాపు, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, అక్క, నేను. ఎనిమిది మందిమి. జూన్ మొదటి వారంలో జమ్మికుంట నుంచి మా మేనత్త తన ఇద్దరు పిల్లలను తీసుకుని దిగితే పదకొండు మందిమి. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అత్తమ్మ వాళ్ల బావి దగ్గర ఒక నేరేడు చెట్టు ఉండేది. అల్లనేరేడు, బొటనవేలంత కాయ. ఆమె వస్తూ వస్తూ ఒక గంపెడు పండ్లు మోదుగాకులు పరిచి, పైన తడిబట్ట కప్పి తెచ్చేది. జమ్మికుంటలో ప్యాసింజరు ఎక్కి, ఆ రద్దీలో గంప ఒకరి కాళ్ల కింద, ఒకరి మూట కింద నలిగి నలిగి వరంగల్ స్టేషన్‌లో దిగి, రిక్షాలో ఇంటికి చేరేసరికి సగం పండ్లు పగిలిపోయేవి. గంప అడుగున ఊదా రంగు రసం కారుతూ ఉండేది. నేరేడు తోలు ఎంత పలచనో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నాయినమ్మ గంపను చాటలోకి వంచి ఏరడం మొదలుపెట్టేది. గట్టివి ఒకవైపు, అవి ఉప్పు చల్లుకుని తినడానికి. పగిలినవి స్టీలు సర్వలోకి, అవి షర్బత్‌కు. కుళ్లినవి బర్రెకు. అంటే మా షర్బత్ పుట్టిందే రైలు చేసిన నష్టంలో నుంచి.

ఇంకో సంగతి. ఈ షర్బత్ నడి ఎండాకాలపుది కాదు. మే నెలలో వరంగల్ ఎండ 44, 45 డిగ్రీలకు పోయినప్పుడు మేం తాగింది రంజన్ నీళ్లు, సల్ల, ఎప్పుడైనా మామిడికాయ ఉడకేసి పిసికిన నీళ్లు. ఇది రోహిణి కార్తె ముగిసి మిరుగం వచ్చే రోజుల్లోది. మిరుగం అంటే మృగశిర. జూన్ 7నో 8నో కార్తె మారుతుంది, ఆ రోజు చేపలు తినేవాళ్లు చేపలు, తిననివాళ్లు ఇంగువ బెల్లం. ఇంకో నాలుగైదు రోజులకు బడి తెరుస్తారు. అందుకే ఇప్పటికీ నేరేడు వాసన తగిలితే నోట్లో నీళ్లూరడంతో పాటు కడుపులో కొంచెం టెన్షన్ కూడా మొదలవుతుంది. హోంవర్క్ చేయనివాడి టెన్షన్.

తయారీలో నాయినమ్మకు సగం ఖచ్చితాలు, సగం చాదస్తాలు. పులుపు సిల్వర్ గిన్నెలో పోయనిచ్చేది కాదు, స్టీలు సర్వే కావాలి. తులసాకు పొద్దుగూకక ముందే తెంపాలి. పగిలిన నేరేడు పండ్లలో చిటికెడు ఉప్పు వేసి చేత్తోనే పిసికేది. రోట్లో వేయనిచ్చేది కాదు. గింజ నలిగితే వగరు దిగుతుందని ఆమె భయం. పిసికిన తర్వాత గింజలు తీసి గోడ మీద ఎండబెట్టేది. తాతకు షుగర్ ఉంది కాబట్టి దంచి పొడి చేసి పొద్దున్నే చెంచాడు పెట్టేది. ఆ పొడి నోట్లో పడగానే తాత ముఖం ఎలా మారేదో చూడ్డానికి మేం ముందే లేచేవాళ్లం.

ఇక పటికబెల్లం ముచ్చట. నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఇదే.

నిమ్మకాయలు ఒక గురిగిలో తడి ఇసుకలో పూడ్చి ఉండేవి. ఎండిపోకుండా అది ఆమె ఫ్రిజ్. అందులో నుంచి ఒక కాయ తీసి కడిగి, కొంగుతో తుడిచి, ఎడమ చేత పట్టుకునేది. కుడిచేతిలో కోడిగుడ్డంత పటికబెల్లం గడ్డ. ఆ గడ్డ గరుకు వైపుతో నిమ్మకాయ తోలు మీద మెల్లగా రుద్దేది. గట్టిగా కాదు, చంటిపిల్లకు నూనె రాసినట్టు. కాయను తిప్పుతూ తిప్పుతూ చుట్టూరా. తెల్లగా, అద్దంలా ఉన్న గడ్డ కాసేపటికి తడి తేలి, పలచని పసుపు ఆకుపచ్చ రంగు పట్టేది. కాయ మీద నిగనిగ పోయి మసకబారేది. ఆ వాసన వంటింట్లో నుంచి ముందు గదిలో పడుకున్న తాత దాకా పోయేది. "ఏమే, షర్బతా?" అని అక్కడి నుంచే కేకేసేవాడు. కాయ ఇంకా కోయనే లేదు! నేను పక్కన కూర్చుని గడ్డ రాల్చిన పొడి వేలికి అద్దుకుని నాకేవాణ్ని. నాలుక మీద మొదట తీపి, తర్వాత సన్నని మంట లాంటి చిరుచేదు, తర్వాత ముక్కులో నుంచి నిమ్మ. తెలుపు తేలేదాకా రుద్దితే మాత్రం చేదు వస్తుందని పైపైనే ఆపేసేది.

ఆ గడ్డనే పొయ్యి మీద రెండు గిలాసల నీళ్లలో వేసి కరిగించేది, చాలకపోతే పైన చక్కెర. కరిగాక దించి, పది పన్నెండు పుదీనా ఆకులు, ఏడెనిమిది తులసాకులు, నలిపిన అల్లం ముక్క, పలుకులుగా దంచిన ఐదారు మిర్యాలు వేసి మూత పెట్టేది. పొయ్యి మీద ఉండగా ఆకు వేస్తే నల్లబడి కషాయమవుతుంది. దించాక వేస్తే వాసన మూతలోనే ఉంటుంది. చల్లారాక వడగట్టి నేరేడు రసంలో కలిపేది. సబ్జా గింజలు ఎన్నడూ వేయలేదు. తాతవి పెట్టుడు పళ్లు, వాటి కింద ఇరుక్కుంటాయని.

నీళ్లు పోయడంతో మాకు ఆట మొదలు. నల్లా వచ్చిన రోజు ధర్మసాగర్ నీళ్లు, రాని రోజు బోరు నీళ్లు. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లు పోస్తే ఎర్రగా ఉన్న నేరేడు రసం ఒక్కసారిగా నీలి బూడిద రంగుకు తిరిగేది. పలక కడిగిన నీళ్లలా, తాగబుద్ధి కాకుండా. అప్పుడు నాయినమ్మ నిమ్మకాయ కోసి, గింజలు పడకుండా వేళ్ల సందుల్లో నుంచి పిండేది. రసం పడిన చోటల్లా గులాబి రంగు మరకలు లేచి, ఒక్క తిప్పు తిప్పేసరికి సర్వ మొత్తం కుంకుమ కలిపినట్టయ్యేది. పిల్లలం నలుగురం సర్వ చుట్టూ తలకాయలు గుద్దుకుంటూ చూసేవాళ్లం. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినప్పుడు తెలిసింది, నేరేడుకు రంగునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం పులుపు తగిలితే ఎరుపుకు, క్షారం తగిలితే నీలానికి తిరుగుతుందని. లిట్మస్ కాగితం చూపించి లెక్చరర్ గారు అబ్బురపడమంటే నాకు పెద్దగా అనిపించలేదు. మా సర్వ ముందు అదెంత!

చిన్నాయన సైకిల్ మీద ఐసు ఫ్యాక్టరీకి పోయి ఊకలో పొర్లించి గోనెసంచిలో చుట్టిన ఐసు గడ్డ తెచ్చేవాడు. సగం దారిలోనే కరిగేది.

పేర్లు చెక్కించిన స్టీలు గిలాసలు పదకొండు వరుసగా పెట్టి, మొదట అన్నిటిలో సగం సగం, మళ్లీ మొదటి నుంచి ఇంకో చుట్టు. ఎవరి గిలాసలో వేలెడు తక్కువున్నా పంచాయితీ. నాయినమ్మ మాత్రం తన గిలాసలో అడుగున మిగిలింది పోసుకుని, సర్వలో కాసిన్ని నీళ్లు తిప్పి అవీ పోసుకునేది. పాపం, ఆమెకు కడిగిన నీళ్లే మిగిలాయని అమ్మ నొచ్చుకునేది. ఒకరోజు నేను దొంగతనంగా ఆ గిలాసలో నోరు పెట్టాను. చక్కెరంతా అడుగునే ఉంది! పండు గుజ్జూ అక్కడే ఉంది! ఇంట్లో అన్నిటికంటే తియ్యని గిలాస ఆమెది. నన్ను చూసి ముసిముసిగా నవ్వి, "జెప్పకు" అన్నట్టు కన్ను గీటింది. ఇన్నాళ్లకు చెప్తున్నాను.

నేను ఆరో తరగతిలో చేరే ఏడాది ఒక ఘోరం జరిగింది. బడి తెరిచే ముందురోజు టైలరు కొత్త యూనిఫాం ఇచ్చాడు. తెల్లటి అంగీ. రేపటిదాకా ఆగే ఓపిక ఎవరికి? వేసుకుని ఇల్లంతా తిరిగి, అదే అంగీతో షర్బత్ దగ్గర కూర్చున్నాను. అక్కతో గిలాస కోసం గుంజులాట, జేబు కిందుగా జానెడు మరక. అమ్మ వీపు మీద ఒకటిచ్చి, అంగీ విప్పించి, బట్టల సబ్బుతో బరబరా రుద్దింది. మరక పోకపోగా సిరా ఒలికినట్టు నీలి నలుపుకు తిరిగింది. అమ్మ ముఖం కూడా ఇంచుమించు అదే రంగుకు తిరిగింది. నేను ఏడుపు.

నాయినమ్మ వచ్చి చూసి ఏమీ అనలేదు. గురిగిలో చెయ్యి పెట్టి తడిమింది. ఇసుకలో ఒక్కటే కాయ ఉంది. సాయంత్రం తాత దగ్గరికి మిల్లు దోస్తులు వస్తున్నారు, వాళ్లకు ఇంకో సర్వ షర్బత్ చేయాలని అనుకున్న కాయ. ఒక్క నిమిషం దాన్ని చేతిలో పట్టుకుని చూసింది. ముందు అలవాటు ప్రకారం పటికబెల్లం గడ్డతో చుట్టూ రుద్దింది. తర్వాత కోసి, రెండు చెక్కలూ నా అంగీ మీద పిండి, ఉప్పు చల్లి రుద్దింది. నీలం కాస్తా గులాబి అయింది. ఉతికితే గులాబి కూడా చాలావరకు పోయింది. ఏడాదంతా జేబు కింద పెదవి ముద్ర లాంటి ఒక లేత రంగు మాత్రం మిగిలింది. దాని మీద మా క్లాసులో ఎన్ని కథలు పుట్టాయో ఇక్కడ రాయను.

సాయంత్రం తాత దోస్తులు నలుగురు వచ్చారు. నాయినమ్మ ఏమాత్రం తొణక్కుండా షర్బత్ పంపింది. పులుపుకు గంపలో మిగిలిన నాలుగు దోర నేరేళ్లు పిసికి కలిపింది. నిమ్మరసం ఒక్క చుక్క లేదు. నల్లా వచ్చిన రోజు కాబట్టి రంగు బతికిపోయింది. వాళ్లలో ఒకాయన గుటక వేసి, గిలాస దించి, "వదినె, నిమ్మకాయ మస్తు వట్టింది!" అన్నాడు. తలుపు చాటున మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇదంతా తెలిసి కూడా నిరుడు జూన్‌లో నేను చేసిన పని చూడండి. హన్మకొండ చౌరస్తాలో బండి మీద నేరేళ్లు కనబడ్డాయి. ఇప్పుడు కాయలు లావుగా, నీటుగా అట్టపెట్టెల్లో వస్తున్నాయి, ఒక్కటీ పగలదు. అరకిలో కొన్నాను. మా బిడ్డ నక్కలగుట్టలో ఏదో కేఫ్‌లో పుదీనా, నిమ్మకాయ వేసిన రంగు నీళ్లు తాగొచ్చి దాన్ని మాక్‌టెయిల్ అంటుంటే నాకు పౌరుషం వచ్చింది. మా నాయినమ్మ దీని తాతను చేసేది, ఉండు చేసి పెడతానన్నాను. నిమ్మకాయ షర్బత్ కదా, నిమ్మకాయలు ధారాళంగా ఉండాలి కదా! నాలుగు తెచ్చాను. రాత్రే పిండి రసం ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చక్కెర పాకంలో ఆకులతో పాటు పిండిన చెక్కలు కూడా వేసి ఉడికించాను. నేరేళ్లు మిక్సీలో తిప్పాను. గింజలు తీశాననే అనుకున్నాను, రెండో మూడో ఉండిపోయాయి, మిక్సీ గరగర అన్నప్పుడు తెలిసింది.

బిడ్డ ఒక గుటక తాగి చాలా మర్యాదగా గిలాస పక్కన పెట్టింది. మా ఆవిడ, "మందులా ఉంది, ఒంటికి మంచిదేమో" అంది. నేను మొండిగా సగం తాగాను. నాలుక మీద ఉప్పు కాగితం రాసినట్టు వగరు, వెనక గొంతు దాకా చేదు.

అత్తమ్మకు ఫోన్ చేశాను. జమ్మికుంటలోనే ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లు, చెవులు కొంచెం మందం, నోరు ఏమాత్రం కాదు.

"అత్తమ్మా, నేరేడు షర్బత్ చేసిన. చేదయింది."

"నేరేడు షర్బతేందిరా? నిమ్మకాయ షర్బతా?"

"అదే."

"కాయలెన్ని పిండినవ్?"

"నాలుగు."

"నాలుగా! ఎంతమందికిరా, బరాత్‌కా?"

"ముగ్గురమే అత్తమ్మా."

అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. "అరే, మనింట్ల పదకొండు మందికి ఒక్క కాయ వడుతుండె. ఎండకాలం నిమ్మకాయ పిరం కొడుకా. నేరేళ్లేమో నేను ఊకెనే తెస్తుంటి. అందుకే మీ నాయినమ్మ నేరేళ్లతోని పులుపు నింపేది, మిర్యాలతోని ఘాటు, పుదీనతోని సల్లదనం. నిమ్మకాయ పాణం తోల్ల ఉంటది, రసంల కాదు. ఆ తోలును బెల్లం గడ్డతోని గీకేది. ఇగ కాయ ఏడికి పోతే ఏంది?"

"మరి నిమ్మకాయ షర్బత్ అని పేరెందుకు?"

"ఇంటికొచ్చినోళ్లకు రైల్ల నలిగిన నేరేళ్లు పిసికి పోసినం అని చెప్తమా?"

అప్పుడు నా కళ్లముందు సర్వ, కోసిన రెండే రెండు చెక్కలు, వేళ్ల సందుల్లో నుంచి కారే రసం, అన్నీ వరుసగా కనబడ్డాయి. రోజూ చూసినవే. పేరు విని విని, నా తలలో ఆ రెండు చెక్కలు రెండు డజన్లయినట్టున్నాయి. 2022 ఎండాకాలంలో నిమ్మకాయ ఒక్కోటి పది రూపాయలకు పోయినప్పుడు ఇంటిల్లిపాదిమీ ఆశ్చర్యపోయాం. నాయినమ్మ ఉంటే గురిగిలో ఇసుక సర్దుకుంటూ నవ్వేది.

అత్తమ్మ మిగతా తప్పులు కూడా ఒక్కొక్కటి లాగింది. రసం రాత్రే పిండి పెట్టావా, అందుకే చేదు, తాగే ముందు పిండాలి. చెక్కలు ఉడకేశావా, నిన్ను చదివించినందుకు మీ బాపుననాలి. మిక్సీ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

మర్నాడు మిగిలిన నేరేళ్లతో మళ్లీ చేశాను. చేత్తో పిసికాను. పటికబెల్లం గడ్డ కోసం మా గల్లీలో మూడు దుకాణాలు తిరిగాను, అంతా పొడి, పలుకులే దొరికాయి. చివరికి స్టేషన్ రోడ్డులో ఒక పాత కిరాణాలో దారం గుచ్చిన గడ్డలు కనబడ్డాయి. రుద్దడం మొదలుపెట్టగానే హాల్లో ఫోన్ చూసుకుంటున్న మా బిడ్డ తలెత్తి, "నాన్నా, ఏం వాసన అది?" అంది. ఇప్పుడు మా ఇంటికి ఫిల్టరు నీళ్లే, రంగు నీలానికి తిరగనే తిరగదు, ఆ ఆట మాత్రం చూపించలేకపోయాను. కావాలని చిటికెడు వంటసోడా కలిపి చూపిద్దామా అని కూడా అనిపించింది. షర్బత్ పాడవుతుందని మానుకున్నాను.

ఈసారి బిడ్డ రెండో గిలాస అడిగింది. అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఎన్ని పిండినవ్?"

"ఒక్కటే అత్తమ్మా."

"ఒక్కటెందుకురా ముగ్గురికి! అరచెక్క సాలు. మిగిలిన చెక్క నీ అంగీకి దాసుకో."